జిల్లేడుకుంట కట్ట మీది పద్నాలుగో నంబరు బండి

వనస్థలిపురం,
సెప్టెంబరు 19.

చెరువుల పర్యాటక విభాగపు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కాల్చిన మక్క కంకులు అమ్ముకునే శ్రీమతి అండాలమ్మ గారి బండిని తిరిగి ఇప్పించుట, కట్ట మీద ఆమె చోటును ఆమెకు వదులుట గురించి.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కళాశాలలో పర్యాటక నిర్వహణ కోర్సు రెండో సంవత్సరం చదువుచున్న సింధూర అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. గత జనవరిలో తమ విభాగం కోరిక మేరకు మా తరగతి విద్యార్థులం పన్నెండు మందిమి జిల్లేడుకుంటను ఆరు వారాలు సర్వే చేసితిమి. చెరువు చెడకుండా, దాని ఒడ్డున బతికేవాళ్లు చెదరకుండా పర్యాటకులను ఎట్లా రానివ్వాలో చెప్పడం మా పని. సుస్థిర పర్యాటకం అంటే అదేనని పాఠంలో ఉన్నది. మేము నమ్మాము. పరీక్ష కోసం కాదు, నిజంగానే నమ్మాము.

2. కట్ట మీద ఇరవై రెండు తోపుడు బండ్లు ఉండెడివి. పటంలో గుర్తించుటకు వీలుగా ఒక్కొక్క బండికి పచ్చ స్టిక్కరు మీద నంబరు వేసి అంటించితిమి. అంటించింది నేనే. అండాలమ్మ గారిది పద్నాలుగు. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి పంతొమ్మిదేళ్లుగా అక్కడే కంకులు కాలుస్తున్న మనిషి.

"గీ నంబరెందుకు బిడ్డా?" అని అడిగింది.

"గవర్నమెంటు రికార్డులో మీ పేరు ఎక్కుతుందండీ. ఇంక మిమ్మల్నెవరూ కదిలించలేరు" అన్నాను.

"అండీ గిండీ ఎందుకు గని, నువ్వు చెప్పేది నిజమేనా?"

నిజమేనన్నాను. ఆ సాయంత్రమే ఆమె స్టిక్కరుకు పసుపు కుంకుమ పెట్టింది.

3. ఇరవై రెండు బండ్లనూ అక్కడే ఉంచవలెనని మా నివేదిక చెప్పినది. ముప్ఫై ఒకటో పేజీ మొత్తం అండాలమ్మ గారి గురించే. కంకిని దాని ఆకులోనే పెట్టి ఇస్తుంది, మిగిలిన ఆకును వెనక వీధి బర్రెల కొట్టానికి పంపుతుంది, ప్లాస్టిక్ ముట్టదు. ఈ పద్ధతిని మిగతా చెరువులకూ విస్తరించవలెనని రాసితిమి. తమ కార్యాలయం మా పట్టికను ఉన్నదున్నట్టు తీసుకున్నది: నంబర్లు, పేర్లు, సొంత ఊళ్లతో సహా. శీర్షిక మాత్రం మారినది. మేము "చెరువు సంరక్షకులు" అని పెట్టాము. తమరు "ఆక్రమణలు" అని పెట్టారు.

4. జూలై 8 ఉదయం లారీ వచ్చినది. సిబ్బంది చేతిలో మా పటం. ఒకటి, రెండు, మూడు అని వరుసగా పిలిచి బండ్లను ఎక్కించారట. "పద్నాలుగు ఎవలది?" అని కేక వేస్తే అండాలమ్మ గారు "నాదే సార్" అని చెయ్యెత్తి ముందుకు వచ్చింది. గుర్తింపు కార్డు ఇవ్వడానికి పిలుస్తున్నారనుకుంది.

అయ్యా, ఈ వాక్యం రాశాక రెండు రోజులు ఈ అర్జీ ముందుకు సాగలేదు.

5. ఇప్పుడు ఆ చోట అద్దాల గోడల దుకాణం ఉన్నది. పేరు "స్థానిక రుచులు". ప్లాస్టిక్ కప్పులో మక్క గింజలు, ప్లాస్టిక్ చెంచా. కప్పులు సాయంత్రానికి నీళ్లలో తేలుతున్నవి. దుకాణం గోడ మీద, బయటికి కనిపించేంత పెద్దగా, కంకి కాలుస్తున్న అండాలమ్మ గారి ఫొటో. అది మా నివేదికలోదే. మొన్న ఆదివారం ఆమె చూడబోతే కట్టకు కొత్తగా పెట్టిన గేటు దగ్గర కాపలాదారు ఆపాడు.

"టికెట్ తీస్కోవాలె పెద్దమ్మా."

"గోడ మీదున్న గామె తీస్కున్నదా?"

అతను నవ్వాడు. లోపలికి మాత్రం పోనివ్వలేదు.

6. బండి విడిపించమని ఆమెతో కలిసి తమ కార్యాలయానికి మూడుసార్లు తిరిగితిని. ఆమె అక్కడ అమ్మినట్లు రుజువు కావాలని గుమాస్తా చక్రపాణి గారు సెలవిచ్చారు. ముప్ఫై ఒకటో పేజీ చూపించాను.

"ఇది స్టూడెంట్ల ప్రాజెక్టమ్మా. దీనికి విలువ లేదు."

"లారీ పంపిన రోజు ఉందా సార్?"

"జర మెల్లగ మాట్లాడు. చదువుకున్న పిల్లవు."

ఆమె ఇప్పుడు గడ్డిఅన్నారంలో ఒక మెస్సులో గిన్నెలు తోముతున్నది. ఈ వానాకాలపు కంకులు ఇంకో నెల కూడా దొరకవు.

7. ఈ నెల 27న పర్యాటక దినోత్సవం నాడు మా బృందానికి తమ చేతుల మీదుగా జ్ఞాపిక ఇవ్వబోవుచున్నట్లు ఉత్తరం వచ్చినది. "తీసుకోమ్మా, ఉద్యోగానికి పనికొస్తుంది. లోపల ఉండే మార్చాలి" అని మా లెక్చరర్ ప్రసన్నకుమార్ గారు అంటున్నారు. మిగిలిన పదకొండు మంది వస్తారు. వాళ్లను నేనేమీ అనను. నేను రాను.

కావున ఆ జ్ఞాపికకు బదులుగా పద్నాలుగో నంబరు బండిని, కంకులు దొరుకుతుండగానే, అండాలమ్మ గారికి అప్పగించి, ఆమె చోటును ఆమెకు విడువవలెనని కోరుచున్నాను. మిగతా ఇరవై ఒక్కరి గురించి విడిగా రాస్తాను. ఒక్కటైనా ముందు జరుగుతుందేమో చూద్దామని.

చిత్తగించవలెను. తమ విధేయురాలినని రాయబోతే చెయ్యి రావడం లేదు గనుక, ఇట్లు,

సింధూర,
వనస్థలిపురం.

తా.క.: బాధితురాలి సంతకం లేనిదే అర్జీ పుచ్చుకోబోమని చక్రపాణి గారు చెప్పినందున నిన్న మెస్సుకు వెళ్లాను. అండాలమ్మ గారు చేతులు తుడుచుకోలేదు. "పెన్ను లోపల పెట్టుకో బిడ్డా. నా పేరు నీకొక్కసారి చెప్పిన. ఇగ ఎవ్వలకు చెప్ప" అన్నది. తిరిగి వచ్చి, పైన ఆమె పేరు ఉన్న చోటల్లా కొట్టేద్దామని కూర్చున్నాను. కానీ తమ రికార్డులో ఆ పేరు ఇప్పటికే ఉన్నది. ఇచ్చింది నేనే.