సోములమ్మత్త అర్జీ

మంగళవారం, జూన్ 1912

మా వీధిలో ఇళ్లు తప్ప వ్యాపారాలు ఉండకూడదని ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోని మా టౌన్ బోర్డుకు ఫ్రెంచిలో అర్జీ రాసింది నేనే. మొదటి సంతకమూ నాదే.

ఈ సాయంత్రం పక్కింటి సోములమ్మత్త బోర్డు పంపిన నోటీసు పట్టుకుని వచ్చింది. అమ్మ పోయాక నాకు అన్నం పెట్టి పెంచిన మనిషి.

"ఈ పాపియేలో ఏముంది బాబూ?" కాగితాన్ని ఆమె ఫ్రెంచివాళ్లలా పాపియే అంటుంది.

చదివి చెప్పాను. వీధివాళ్ల అర్జీ మీద, ఆమె ఇంట్లో కూలికి బట్టలుతికే పని నెలలోగా మానేయాలట.

"ఎవరు పెట్టార్రా అర్జీ?"

"పేర్లు లేవత్తా."

"అయితే మనమూ ఒకటి పెడదాం. నీ రాత ముత్యాల్లా ఉంటుంది, నువ్వే రాయి."

సరేనన్నాను. గంట నుంచి తెల్లకాగితం ముందే కూర్చున్నాను. సిగ్గు విడిచి రాసుకుంటున్నాను: ఆమె బతుకేమవుతుందోనన్న దిగులు కంటే, బోర్డువాళ్లు నా చేతిరాత గుర్తుపడతారేమోనన్న భయమే నాకు ఎక్కువగా ఉంది.