రెండు వేళ్ళ తేడా

చిన్నబాబూ, సముద్రం మీద వేట నుంచి రాగానే ముందు ఆ బ్రోకరుకు ఫోన్ చేసి, కారు అమ్మేది లేదని చెప్పు. వాకిట్లో కారు కనపడలేదని బెదరబాక. నీ చెల్లెలు సుభాషిణి తోలతాది, నేను ముందు సీట్లో కూర్చుంటా. కారు పాడైందని నవ్విన మీ మేనత్త ఇంటి ముందరే, సూళ్లూరుపేటలో దిగాల. మెల్లగానే పోతాంలే. పులుసు పొయ్యి మీద ఉంది.

నువ్వు అనుకున్నట్టు గేరుబాక్సు పోలేదు అబ్బయా! వెనక టైర్లు వెడల్పు, ముందువి సన్నం, కంపెనీ వాళ్ళే అట్టా పెట్టినారంటివి, సరే. నేను వలదారంతో చుట్టుకొలత చూసినా. నువ్వు వెనక వేసిన కొత్తవి, ముందున్న అరిగినవాటికంటే రెండు వేళ్ళు ఎక్కువ వచ్చినాయి. నాలుగు చక్రాలూ కలిసి లాగే బండి గదా! పెద్దవలను రెండు తాళ్ళతో ఒడ్డుకు లాగేటప్పుడు ఒక తాడు వాళ్ళు ముందుకు పోతే మీ తాత ఎట్టా అరిచేవాడో, మలుపులో నీ కారూ అట్టానే అరిచింది.

నువ్వు వెనక నుంచి తీసేసిన పాత టైర్లను చెంచయ్య మామ దెబ్బ తగలకుండా పడవ పక్కన కట్టుకున్నాడు గదా. అవి విప్పించి కొలిస్తే ముందువాటితో సరిపోయినాయి, పంచరు షాపతన్ని పిలిచి మళ్ళీ వేయించినా. రోడ్డు మీద తిప్పితే ఒక్క మూలుగు లేదు! "అవ్వా, కారంటే చేపల గంపా?" అంటివే, ఇప్పుడు అను.

ముందుకు కూడా కొత్తవి రెండు కొని, నాలుగూ ఒకేసారి ఎక్కించు. మామ టైర్లు మామకు ఇచ్చేయ్.

- అవ్వ

అమ్మేస్తానని చెప్పి, నిన్న సాయంత్రం దాన్ని తడిమి తడిమి కడగతా కూర్చున్నావే. అది చూసే దారం తీసినా.