రూఫస్ టాలీ బొమ్మలు ఎవరికి

బెర్లిన్‌లో నివాసముంటున్న భాస్కర్ రావు గారి భార్య ఆండాళ్ అను నేను, వయస్సు యాభై ఆరు, వచ్చే వారం ఆపరేషన్‌కు వెళ్లబోతూ, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా. భయపడి రాస్తున్నది కాదు. రుణపడినవాళ్లను తలుచుకుంటూ రాస్తున్నది.

1. నా స్థిరచరాస్తులు యావత్తూ నా భర్తకే చెందవలెను. దిగువ రాసిన బొమ్మలు వాటిలో చేరవు.

2. ఆ బొమ్మలు మా పై అంతస్తులో ఉండిన రూఫస్ టాలీ గారివి. ఆయన అమెరికా నల్లజాతీయుడు. సైన్యంలో వంటవాడిగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఏ బడిలోనూ బొమ్మలు నేర్చుకోలేదు. పాత అల్మారా తలుపుల మీద గోడల రంగులతో వేసేవారు. మొదటి లాక్‌డౌన్‌లో నాకు కోవిడ్ వచ్చింది. విమానాలు ఆగిపోయి మావారు కాకినాడలో చిక్కుకుపోయారు. టాలీ గారు రోజూ మెట్ల మీద కూర్చుని, "ఆండాళ్ గారూ, మాట్లాడి అలిసిపోకండి. తలుపు ఒకసారి తట్టండి, చాలు" అనేవారు. తట్టేదాన్ని. అప్పుడు సూప్ గుమ్మం దగ్గర పెట్టి, తలుపు కిందనుంచి ఒక చిన్న బొమ్మ లోపలికి తోసి వెళ్లేవారు. ఆ చిన్న బొమ్మలు మావారికి. తను లేనప్పుడు నేనెలా బతికానో చూసుకుంటారు.

3. ఆ చలికాలం టాలీ గారు అదే జబ్బుతో ఆసుపత్రిలో పోయారు. చివరిచూపు చూడనివ్వలేదు. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు బొమ్మలన్నీ ష్పెర్‌ముల్, అంటే పనికిరాని పాత సామాను, అని పారేయబోతే, నేనూ నా స్నేహితురాలు మీనాక్షీ కింద మా కెల్లర్‌ సామాన్ల గదిలోకి మోసుకొచ్చాం. "ఎవరివో ఈ తలుపులన్నీ మనకెందుకే?" అన్నారు అప్పటికి తిరిగొచ్చిన మావారు. ఆ మాట ఇంకా మరచిపోలేదు. ఈ ఆగస్టులో ప్రదర్శన పెట్టినప్పుడు మేకులన్నీ కొట్టింది ఆయనే, అదీ మరచిపోను. టాలీ గారి వారసురాలు, అలబామాలో ఉన్న మేనకోడలు లొరెయిన్, "మీరు కాపాడారు, మీవే" అని వాటిని నా పేర రాసిచ్చింది.

4. రంగు వాసన వస్తోందని ఏళ్ల తరబడి ఆయన మీద ఫిర్యాదులు చేసింది కింది అంతస్తు ఫ్రౌ క్రెమర్. ప్రదర్శనలో, తను బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న బొమ్మ ముందు మాస్కు తడిసేదాకా నిలబడింది. "నేనింత బాగా కనిపించానా ఆయనకి?" అంది. ఆ బొమ్మ ఆవిడకే.

5. మిగిలినవన్నీ మా పేట లైబ్రరీకి. అమ్మకూడదు, విడదీయకూడదు. ప్రదర్శన పోస్టరు మీద "తనంతట తానే నేర్చుకున్న చిత్రకారుడు" అని వేశారు. ఫోన్లో అది చూసి లొరెయిన్ నొచ్చుకుంది: "ఎవరూ నేర్పలేదని ఎవరన్నారు? అమ్మమ్మ చర్చి బోర్డులు రాసేది. మామయ్య చేతికి కుంచె ఇచ్చింది ఆవిడే." కనుక లైబ్రరీ గోడ మీద టాలీ గారి పేరు కింద ఇది కూడా రాయించవలెను: నేర్పినవారు, తల్లి ఐడా టాలీ.

దీన్ని అమలు జరపవలసినది మీనాక్షి. ఈ దేశంలో సాక్షులు అక్కర్లేదట. మన పద్ధతి ప్రకారం పెట్టించాను.

బెర్లిన్, 9 అక్టోబరు 2021
(సంతకం) ఆండాళ్

సాక్షులు: రవీంద్రనాథ్, కౌసల్య