మేక తోక వెంట్రుకలు

రామన్నపేట, శ్రావణ ఆదివారం

చేతబడి చేసే ముఠాకు పెద్ద అయిన అయిలయ్య నిన్న నా మగ్గం దగ్గరికి వచ్చాడు.

"నీకు దిష్టి తాకింది బావా. జరన్ని తలెంట్రుకలియ్యి, తాయెత్తు కట్టుకొస్త" అన్నాడు.

చుట్ట అడిగితే ఇవ్వనివాడు నాకు తాయెత్తు ఇస్తాడట! లోపలికి పోయి మా నల్లమేక తోక వెంట్రుకలు కత్తిరించి, నావేనని వాడి చేతిలో పెట్టాను. వాడు పోయేదాకా నవ్వు ఆపుకోలేక చచ్చాను.

ఈ సాయంత్రం మేక గడ్డి ముట్టకుండా కూలబడింది.

"నూలుకు పెట్టే గంజి తాగి ఉంటది. ఊకె ఫికర్ జెయ్యకు" అంది నా భార్య లచ్చవ్వ.

గంజే అయితే బాగుండు. గంజి కాకపోతే, ఇప్పుడు అలా కూలబడాల్సింది నేనే.

రేపు పొద్దున్నే వాడి వాకిట్లో నిలబడి తాయెత్తు అడుగుతాను. నన్ను చూసి వాడి ముఖం పాలిపోయిందంటే, మేక గంజి తాగలేదన్నమాట...