పెద్ద డిస్కుకు చేరని పెళ్లి

మంగళగిరి,
ఆదివారం సాయంత్రం

అమ్మా,

నీకూ, నాన్నకూ, నానమ్మకూ నా వందనాలు. దేవుని దయ వల్ల నా ఒంట్లో బాగానే ఉంది, మీరంతా ఎలా ఉన్నారు? మిరప కోతలు మొదలయ్యాయని నాన్న చెప్పాడు. చేతులు మండితే కొబ్బరినూనె రాసుకో, ఊరికే ఓర్చుకోకు. ఇక్కడ మన కనిగిరి అంత ఎండ లేదు గానీ ఉక్క ఎక్కువ. హాస్టల్ సాంబారు నీళ్లలా ఉన్నా కడుపునిండానే తింటున్నాను, బెంగపడకు.

మొన్న ఫోన్లో గొంతు అదోలా ఉందేమని అడిగావు. జలుబన్నాను. జలుబు కాదమ్మా. ఫోన్లో చెబితే మధ్యలో ఏడ్చేస్తానని ఉత్తరం రాస్తున్నాను. రాస్తుంటే మాటలు కాస్త నా మాట వింటాయి.

కాలేజీ అయ్యాక నేను పనిచేసే పెళ్లి వీడియోల స్టూడియో నీకు తెలుసుగా. అక్కడ వీడియోలన్నీ దాచే పెద్ద హార్డ్ డిస్కు ఉంది. చాలా పడుతుంది గానీ మహా నిదానం. అందుకని దాని ముందు ఎస్ఎస్‌డీ అనే చిన్న, చురుకైన డిస్కు ఒకటి పెట్టాను. అలా వాడితే దాన్ని కాష్ అంటారు. తెలుగులో ఏమనాలా అని చాలాసేపు ఆలోచించి ‘చేదోడు’ అని పేరు పెట్టుకున్నాను. మనింట్లో కారం అటక మీది జాడీలో ఉన్నా, రోజూ నీ చేతికందేది పొయ్యి పక్క డబ్బాయే కదా. అలాగే కంప్యూటరు తరచూ అడిగేవాటి నకళ్లు ఈ చిన్నదాంట్లో ఉంటాయి. అసలువి పెద్దదాంట్లోనే ఉంటాయి. చిన్నది తీసేసినా ఏమీ పోదు. ఓనరు శేషగిరి గారికి అదే చెప్పాను: “ఇది స్పీడు కోసమే సార్.”

ముహూర్తాలు మొదలయ్యాక ఆ స్పీడు ఆయనకు చాలలేదు. “కెమెరా కార్డులు కాపీ కావడానికి ఇంతసేపా కరుణా? అవతల ఇంకో పెళ్లికి మనవాళ్లు బండెక్కి కూర్చున్నారు!” అన్నారు. సరేనని పద్ధతి మార్చాను. ఇప్పుడు కొత్త వీడియో ముందు చిన్నదాంట్లో పడుతుంది. కంప్యూటరు తీరిక చూసుకుని తర్వాత పెద్దదాంట్లోకి చేరుస్తుంది. కొత్తగా పట్టించిన కారం ముందు పొయ్యి పక్క డబ్బాలో పోసి, ఆనక అటకెక్కించినట్టన్నమాట. ఈలోపు ఆ డబ్బా ఎవరైనా పట్టుకుపోతే జాడీలో ఏముంటుంది? ఇదంతా ఆయనకు చెప్పాను. ఆయన చెవిన ఫోన్ ఉంది, తలూపారు.

పెదకాకాని పెళ్లి తీసిన మెమరీ కార్డులు అలాగే కాపీ చేశాను. పూర్తయినట్టు చూపించగానే కెమెరామన్ వాటిని చెరిపేసి ఇంకో పెళ్లికి పట్టుకుపోయాడు. అది పెద్దదాంట్లోకి చేరకముందే శేషగిరి గారు మెయిన్ స్విచ్ ఆపి షట్టర్ దించేశారు. మర్నాడు నేను కాలేజీలో ఉండగా ఆ చిన్నదాన్ని ఊడదీసి, ల్యాప్‌టాప్ నత్తలా ఉందంటున్న వాళ్లబ్బాయికిచ్చారు. నేను వచ్చేసరికి అతను దాంట్లో కొత్త విండోస్ ఎక్కించేశాడు. పెద్ద డిస్కులో ఆ పెళ్లి లేదమ్మా. పోయినవి తిరిగి తీసే అతని దగ్గరికి కూడా పరిగెత్తాం. ఏమీ రాలేదు.

“నువ్వేగా స్పీడు కోసమేనన్నావు?” అన్నారు శేషగిరి గారు. “అది మొదట్లో సార్” అన్నాను.

శుక్రవారం ఆ పెళ్లికూతురి తల్లి కోటమ్మ గారు వచ్చారు. కొడుకు మిలటరీలో ఉన్నాడు, చెల్లి పెళ్లికి సెలవు దొరకలేదు. వీడియో అతనికి పంపాలని వచ్చారామె. శేషగిరి గారు నా చెవిలో “కెమెరా చెడిపోయిందని చెప్పు” అన్నారు. నాకు నోరు రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

“పోవడమేందమ్మాయ్? కళ్లంలో కాయలా, ఎవడన్నా ఎత్తుకుపోటానికి? మా వోడికి నేనేం చూపించను?” అని గట్టిగా అరిచి, కుర్చీలో కూలబడ్డారు. నేను మంచినీళ్లిచ్చి, చుట్టాల ఫోన్లలో ఏమైనా ఉంటుందేమో అడిగాను.

“ఎందుకుండదూ! అందరూ ఫోన్లు పట్టుకునేగా నిలబడింది. అక్షింతలేసిన చెయ్యి ఒక్కటి లేదు!”

ఈరోజు చర్చి నుంచి తిన్నగా పెదకాకాని వెళ్లాను. కోటమ్మ గారూ నేనూ ఇంటింటికీ తిరిగి ఫోన్లలోవన్నీ తీసుకున్నాం. జీలకర్ర బెల్లం దొరికింది, తలంబ్రాలు దొరికాయి. తాళి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏ ఫోన్లో చూసినా మా కెమెరామన్ వీపే. ఒక్కదాంట్లోనూ పిల్ల ముఖం లేదు. కోటమ్మ గారు ఆ వీపునే చూస్తూ ఉండిపోయారు. నాకైతే భూమిలోకి పోవాలనిపించింది.

“మీరు చూసింది మీ అబ్బాయికి చెప్పండమ్మా, రికార్డు చేస్తాను” అన్నాను. ఆమె కొంగు సర్దుకుని మొదలుపెట్టారు: “ఒరేయ్ నాయనా, ఈ వీపు సంగతి వదిలెయ్. దీనెనకాల మీ చెల్లెలు తలొంచుకునుంది. మూడో ముడేస్తంటే నువ్వేమన్నా వచ్చావేమోనని గుమ్మం వంక చూసిందిరా...” అక్కడ ఆమె కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఆపనా అని అడిగితే వద్దని చెయ్యి ఊపారు.

స్టూడియోకొచ్చి ఆ మాటలు ఆ వీపు వీడియో మీద కలిపి వాళ్లబ్బాయికి పంపాను. అతనింకా చూడలేదు. రేపు శేషగిరి గారు మాట్లాడాలని రమ్మన్నారు. ఉండమంటారో మానెయ్యమంటారో తెలియదు. నాన్నకు అప్పుడే చెప్పకు. వీలైతే గోంగూర పచ్చడి పంపు.

నానమ్మను నా నెత్తిన చెయ్యి పెట్టినట్టే దీవించమను. రాత్రి ప్రార్థనలో నా పేరు చెప్పాక కోటమ్మ గారి పేరు కూడా చెప్పమ్మా. ఆమె మాటలు మాత్రం పెద్ద డిస్కులో ఒకటి, నా ఫోన్లో ఒకటి దాచాను. రెండూ తెరిచి, చివరిదాకా విన్నాకే స్టూడియో నుంచి బయల్దేరాను.

నీ ముద్దుల కూతురు,
కరుణ