చిన్నదాని రక్తం

ప్రియమైన అమ్మడూ,

బడిలో రక్తం తీసి చేసిన యాంటీబాడీ పరీక్షలో కవలలిద్దరికీ డెంగీ ఒకసారి వచ్చిపోయినట్టు తేలిందనీ, ఇక టీకా వేయించడమే మిగిలిందనీ రాశావు. పెద్దదాని సంగతి ఒప్పుకుంటాను. చిన్నదానికి ఎప్పుడొచ్చింది? మీ వీధంతా జ్వరాలతో మూలిగినప్పుడు అది నా దగ్గరే ఉంది. పెద్దదానికి సేవ చేయడానికి మీ ఇంటికొచ్చిన మీ అమ్మ రెండోసారి డెంగీ తెచ్చుకుంది. "మామూలు జ్వరమే అత్తయ్యా, పడుకోండి" అన్నాడు మీ ఆయన. పడుకుంది. లేవలేదు.

డెంగీ ఎరగని ఒంటికి ఈ టీకా వేస్తే అదే మొదటి జ్వరం కింద లెక్క. తర్వాత దోమ కుడితే అది రెండోది. రెండోది ఎలా ఉంటుందో మనింట్లో ఒకరు చెప్పక్కర్లేదు. జీవితమంతా ప్రూఫులు దిద్దినవాణ్ణి, అచ్చయిందల్లా నమ్మను. మళ్ళీ పరీక్ష చేయించు. మీ ఆయన్ని అడగకు.

మీ నాన్న

ప్రియమైన నాన్నా,

నీ ఉత్తరం ఆయనా చదివారు. ఒళ్ళు వెచ్చబడకుండానే డెంగీ వచ్చిపోవచ్చని డాక్టరు చెప్పారు. అమ్మ పోయాక నీకు ప్రతిదాంట్లోనూ ఆయన తప్పే కనిపిస్తోంది. టీకాలు వేయించేశాం. చిన్నది ఏడ్చి ఆస్పత్రి కప్పు లేపేసింది. సూదంటే దానికంత భయమని ఇప్పుడే తెలిసింది.

నీ అమ్మడు

అమ్మడూ,

అంత భయమున్న పిల్ల బడిలో రక్తమెలా ఇచ్చింది? కోప్పడకుండా అడుగు.

నాన్న

ప్రియమైన నాన్నా,

అడిగాను. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. పెద్దదే చెప్పింది. "చెల్లి భయపడిందమ్మా. గౌన్లు మార్చుకున్నాం. రెండుసార్లూ నేనే వెళ్ళా. ఒకసారి కుడి చెయ్యి, ఒకసారి ఎడమ చెయ్యి."

టీకా రోజు చిన్నదాన్ని నేనే ఒళ్ళో అదిమి పట్టుకున్నాను నాన్నా.

వేసింది వెనక్కి తీయలేమన్నారు డాక్టరు. దోమ కుట్టకుండా చూసుకోవాలట, ఒళ్ళు కాస్త కాలినా పరుగెత్తుకు రావాలట. ఈయన కిటికీలన్నిటికీ జాలీలు కొడుతున్నారు. ఇల్లు నిశ్శబ్దమైతే చాలు, నా చెవి దగ్గర సన్నగా రొద. చూస్తే ఏమీ ఉండదు. పిల్లలు పడుకునేది అమ్మ పడుకున్న మంచం మీదే.

నీ అమ్మడు

ప్రియమైన అమ్మడూ,

నా మాటే నెగ్గింది. నెగ్గకపోతే బాగుండేది.

ఇప్పుడు నా దిగులు పెద్దదాని గురించి. చిన్నదానికి జ్వరమొచ్చిన రోజున ఎవరో ఒకరు పెద్దదాన్ని అదోలా చూస్తారు. నోటితో ఏమీ అనరు. అన్నం వడ్డిస్తూ చూస్తారు. ఆ చూపు నాకు కొత్త కాదు. ఇన్నేళ్ళుగా మీ ఆయన్ని నేను చూసేది అలాగే. ఇక ముందూ అలాగే చూస్తాను. ఆయన పెద్దవాడు, మోస్తాడు. పిల్ల మోయలేదు.

అందుకని అందరితో చెప్పు: గౌన్లు మార్చుకుని జనాన్ని బోల్తా కొట్టించడం వాళ్ళకి నేర్పింది తాతయ్యేనని. అబద్ధమని నీకూ నాకూ తెలుసు. మీ ఆయన మాత్రం నమ్ముతాడు. నా గురించి చెడ్డగా ఏం చెప్పినా నమ్ముతాడు.

మీ నాన్న