మెత్తటి క్లచ్

అన్నా, నేను బాగానే ఉన్నాను. గనిలో దెబ్బతిన్న నీ చెవులకు ఫోన్లో నా మాట వినపడదు కదా, అందుకే కార్డు.

నువ్విచ్చిన ఫోర్‌వీల్ జీపు కెరమెరి ఘాటు ఎక్కుతూ కాలిన వాసనతో ఆగిపోయింది. ఉట్నూరు మెకానిక్ విప్పి చూసి, "క్లచ్ ప్లేటు మొత్తం అరిగింది. పెడల్ మీదికెల్లి కాలే తీస్తలేవు. గిట్ల నడుపుడు ఎవలు నేర్పిండ్రమ్మా?" అన్నాడు. నీ పేరు చెప్పాను. ఈ ఫారెస్టు క్వార్టర్‌కు వచ్చాక మన ఇంటివాళ్ల గురించి ఒకరు అడగడం ఇదే మొదలు. తిట్టినా సంబురమే అయింది.

"ఘాట్లకు గట్టి క్లచ్చే మంచిది" అన్నాడు.

వదినను కారప్పొడి పంపమను. నీ మోకాలు ఇంకా నొస్తుందా? నేను మాత్రం మెత్తటి క్లచ్చే వేయించాను. నీ కాలు కూడా నొక్కగలదు. ఒక్కసారి వచ్చి నడిపి పో.

వదినకు నమస్కారాలు.

నీ చెల్లె,
శ్యామల